క్లయింటు ‘రిస్కు’ అన్న యాడ్‌ను ఒప్పించడం ఎలా?

బెంగళూరు యాడ్ ఏజెన్సీల్లో పనిచేసే తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. కాపీ రాసేవాళ్లు, బొమ్మ వేసేవాళ్లు, క్లయింటుకూ క్రియేటివ్ బృందానికీ మధ్య రోజంతా ఫోనులో ఉండే సర్వీసింగ్ వాళ్లు. ఎవరిని కదిపినా ఒకటే మాట వినిపిస్తుంది: “మంచి ఐడియా ఇచ్చాం, క్లయింటు భయపడ్డాడు.” ఆ ఐడియాలన్నీ కంప్యూటర్‌లో ఒక ఫోల్డరులో పడి ఉంటాయి. ఏడాది తిరిగేసరికి అవి పాతబడతాయి, వాటిని రాసినవాళ్ల ఉత్సాహమూ చల్లబడుతుంది. మంచి పని అలా మూలపడటం చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

క్లయింటును పిరికివాడని తీర్మానించుకుంటే ఆ ఫోల్డరు పెరుగుతూనే ఉంటుంది. యాడ్ బెడిసికొడితే ఏజెన్సీకి ఒక అకౌంటు, అంటే ఒక క్లయింటు, పోతుంది. అవతలి వైపు ‘సరే’ అన్న మనిషికి ఉద్యోగమే పోవచ్చు. సొంత వ్యాపారమైతే ఇంటి మీదికి వస్తుంది. ఆ బరువంతా ఆయన నెత్తిన పెట్టి ధైర్యం చేయమంటే ఎందుకు చేస్తారు? ఆ బరువు ఎంతో కొలవాలి, తగ్గించాలి, మిగిలినదాన్ని ఆయనతో కలిసి మోయాలి. ఐడియా పుట్టించడం ఎంత మన పనో ఇదీ అంతే మన పని.

మాట్లాడుకోవడానికి ఒక ఊహా క్లయింటును పెట్టుకుందాం. గుంటూరు వైపు నుంచి వచ్చి బెంగళూరులో పచ్చళ్లు అమ్ముతున్న చిన్న కంపెనీ. మారతహళ్లిలో, బీటీఎం లేఅవుట్‌లో, ఎలక్ట్రానిక్ సిటీలో ఉండే తెలుగు ఉద్యోగులే ఎక్కువగా కొంటారు. మీరు తెచ్చిన ఐడియా ఇది: “అమ్మ పంపిన జాడీ ఖాళీ అయ్యేదాకా మా ఆవకాయ కొనకండి.” యజమాని విని, “మన సరుకు కొనవద్దని మనమే డబ్బు పెట్టి చెప్పుకోవాలా బాబూ?” అంటారు. ఇక్కడి నుంచి ఏం చేయాలో చూద్దాం.

1. ఆ భయం ఎవరిది, దేని గురించి?

రిస్కు అని పైకి అన్నా, లోపల ఉండే భయం ఒక్కొక్కరికి ఒక్కోటి. అమ్మకాలు పడిపోతాయని ఒకరికి. పైనున్న ఎండీ అడిగితే ఏం చెప్పాలని ఇంకొకరికి. డీలర్లు నవ్వుతారని, సోషల్ మీడియాలో దాడి జరుగుతుందని, కోర్టు నోటీసు వస్తుందని మరికొందరికి. ఇవి వేరు వేరు జబ్బులు, మందులూ వేరు. అమ్మకాల గురించి భయపడే మనిషికి అవార్డు గెలిచిన యాడ్లు చూపిస్తే ఆయన భయం ఇంకా పెరుగుతుంది.

“ఎందుకు రిస్కు అంటున్నారు?” అని సూటిగా అడగకండి. ఆయన తన మాటను సమర్థించుకోవడం మొదలుపెడతారు, ఆ తర్వాత దాని నుంచి వెనక్కు రావడం ఆయనకే కష్టమవుతుంది. ఇలా అడిగి చూడండి: “ఈ యాడ్ వచ్చిన మర్నాడు పొద్దున మీకు మొదటి ఫోను ఎవరి దగ్గర నుంచి వస్తుందంటారు?” ఈ ప్రశ్నకు దాదాపు అందరూ నిజం చెబుతారు. పచ్చళ్ల యజమాని ఒక్క క్షణం ఆగి, “మా బావమరిది చేస్తాడండి. సగం పెట్టుబడి ఆయనదే” అంటారు. అప్పుడు మీకు అర్థమవుతుంది, మీరు ఒప్పించవలసిన రెండో మనిషి ఈ గదిలోనే లేరని.

పెద్ద కంపెనీల్లో ఇది ఇంకా ముఖ్యం. మీ ఎదురుగా కూర్చున్న బ్రాండ్ మేనేజరుకు మీ ఐడియా నచ్చి ఉండవచ్చు. కానీ దాన్ని ఆమె తన పై అధికారి ముందు మీరు లేకుండా, మీ గొంతు లేకుండా, పది నిమిషాల్లో చెప్పుకోవాలి. మీ అరవై స్లైడ్ల డెక్ ఆ పూట ఆమెకు అక్కరకు రాదు. ఒకే పేజీ రాసి ఇవ్వండి. సమస్య ఏమిటి, ఈ యాడ్ దాన్ని ఎలా తీరుస్తుంది, జరగగల నష్టం ఏమిటి, దానికి ఏం ఏర్పాటు చేశాం. ఆమె రోజూ వాడే మాటల్లోనే రాయండి. ఏజెన్సీ పరిభాష ఒక్క ముక్క ఉన్నా పై అధికారి అడిగే మొదటి ప్రశ్న దాని మీదే ఉంటుంది.

2. ఐడియాను ముందు మీరే నిలదీయండి

క్లయింటు అడగబోయే ప్రశ్నలకంటే కఠినమైనవి మీరే వేసుకోవాలి. అన్నిటికన్నా పెద్దది ఇది: ఈ ధైర్యం సరుకులోని నిజం నుంచి పుట్టిందా, నలుగురూ తిరిగి చూడాలన్న ఆత్రం నుంచి పుట్టిందా?

1962లో అమెరికాలో కార్లు అద్దెకిచ్చే ఏవిస్ కంపెనీకి డీడీబీ ఏజెన్సీలో పాలా గ్రీన్ అనే కాపీ రైటర్ రాసిన యాడ్లు ఈ లెక్కకు సరిగ్గా సరిపోతాయి. హెర్ట్జ్ మొదటి స్థానంలో ఉంది. మేము రెండో స్థానంలోనే ఉన్నాం, అందుకే ఎక్కువ కష్టపడతాం అని ఏవిస్ చేత చెప్పించారు. తాను మొదటివాణ్ని కానని ఏ కంపెనీ డబ్బు పెట్టి చాటుకుంటుంది? ముందుగా జనానికి చూపిస్తే చాలామందికి నచ్చలేదు కూడా. అయినా వేశారు. 13 ఏళ్లుగా లాభమే చూడని కంపెనీ, 32 లక్షల డాలర్ల నష్టం నుంచి ఏడాదిలో 12 లక్షల డాలర్ల లాభంలోకి వచ్చింది. ఆ యాడ్ పనిచేయడానికి కారణం, చదివినవాడికి అది నిజమని వెంటనే తెలిసిపోవడం.

మన పచ్చడి ఐడియా కూడా అదే నేల మీద నిలబడుతుంది. అమ్మ పెట్టిన ఆవకాయతో ఏ కంపెనీ పోటీపడలేదని కొనేవాడికీ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. తెలిసిన సంగతిని ఒప్పుకున్న కంపెనీ చెప్పే తక్కిన మాటలనూ జనం నమ్ముతారు. యజమానికి ఈ సంగతే చెప్పండి. ‘ట్రెండ్’, ‘వైరల్’ అనే మాటలు నోటికి రానివ్వకండి.

రెండో ప్రశ్న: కొత్తదనం ఎంత? ఇరవయ్యో శతాబ్దపు పారిశ్రామిక డిజైనర్ రేమండ్ లోవీ పట్టుకున్న సూత్రం నాకు చాలా ఇష్టం. జనం అంగీకరించగల అంచు దాకా మాత్రమే కొత్తదనం వెళ్లాలి, ఆ గీత దాటకూడదు. 2021 ఏప్రిల్‌లో బెంగళూరు కంపెనీ క్రెడ్ వేసిన రాహుల్ ద్రావిడ్ యాడ్ చూడండి. ట్రాఫిక్‌లో ఇరుక్కుని, పక్క కారు అద్దం బ్యాటుతో పగలగొట్టి, ఇందిరానగర్ గూండాను నేనే అని అరిచే ద్రావిడ్. కొత్తది ఆ ఒక్క కోపమే. ద్రావిడ్ ఎంత నెమ్మదస్తుడో దేశానికంతటికీ తెలుసు. ఇందిరానగర్ ట్రాఫిక్‌లో మనిషికి ఎలాంటి కోపం వస్తుందో ఈ ఊరికంతటికీ తెలుసు. మీ ఐడియాలో కొత్తవి మూడు ఉంటే రెండు తీసేయండి. క్లయింటు భయం అక్కడికక్కడే సగం తగ్గుతుంది.

మూడో ప్రశ్న: ఈ యాడ్ వల్ల ఎవరి గౌరవానికి దెబ్బ? దీనికి మొహమాటం లేకుండా జవాబు చెప్పుకోవాలి. 2023 జూన్‌లో పర్యావరణ దినోత్సవానికి జొమాటో ఒక యాడ్ వేసింది. ఒక ప్రసిద్ధ సినిమాలోని దళిత పాత్రను చెత్త నుంచి తయారైన బల్లగా, దీపంగా, కుండీగా చూపించింది. రీసైక్లింగ్ గురించి మంచి మాట చెప్పాలనే తీశారు. కానీ ఒక మనిషిని వస్తువుగా, అదీ చెత్త నుంచి పుట్టిన వస్తువుగా చూపిస్తున్నామన్న సంగతి తెర మీదికి వచ్చేదాకా ఎవరూ ఆపలేదు. తీవ్ర నిరసన వచ్చింది, యాడ్‌ను వెనక్కు తీసుకున్నారు. బలవంతుణ్ని ప్రశ్నించే యాడ్‌కు నేను ఎంత దూరమైనా వాదిస్తాను. బలహీనుణ్ని నవ్వులపాలు చేసే యాడ్‌ను క్లయింటు వద్దంటే ఆయనే సరైనవాడు, మనం నోరు మూసుకుని ఇంకో ఐడియా వెతుక్కోవాలి.

3. అనుమతి బ్రీఫ్ రోజే తీసుకోండి

చాలామంది ఈ పని ఐడియా వచ్చాక మొదలుపెడతారు. అప్పటికే ఆలస్యం. క్లయింటు బ్రీఫ్ ఇస్తున్న రోజే, అంటే తనకు ఎలాంటి యాడ్ కావాలో వివరిస్తున్న రోజే, తలలో ఏ ఐడియా లేనప్పుడే అడగాలి: “ఈసారి మనం ఎంత దూరం వెళ్లవచ్చు? ఏ విషయం ముట్టుకోకూడదు? చివరి మాట ఎవరిది?” ఆ జవాబులు మీటింగ్ నోట్స్‌లోకి ఎక్కాలి, అదే సాయంత్రం మెయిల్‌లో వెళ్లాలి. ఐడియా ఎదుట లేనప్పుడు మనుషులు ధైర్యంగానే మాట్లాడతారు. ఆ ధైర్యాన్ని కాగితం మీద పెట్టుకోవడంలో తప్పు లేదు.

ఏవిస్ కథకు వెనక కూడా ఇలాంటి ఒప్పందమే ఉంది. వ్యాపారాన్ని అర్థం చేసుకోవడానికి ఏజెన్సీ 90 రోజులు అడిగింది, తాము ఇచ్చిన యాడ్‌ను మార్చకుండా వేయాలని షరతు పెట్టింది. ఏవిస్ అధిపతి రాబర్ట్ టౌన్‌సెండ్ ఒప్పుకున్నారు. యాడ్లు చూశాక ఆయనకూ సందేహం వచ్చే ఉంటుంది, కానీ మాట ముందే ఇచ్చేశారు.

మన దేశంలో ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అమూల్. 1966లో సిల్వెస్టర్ డకున్హా చేతికి ఆ అకౌంటు వచ్చినప్పటి నుంచి, వారం వారం వార్తల మీద వ్యాఖ్యానించే హోర్డింగులను తనకు ముందుగా చూపించనక్కరలేదని అమూల్ సారథి వర్గీస్ కురియన్ స్వేచ్ఛ ఇచ్చారు. ప్రతి బోర్డూ అనుమతికి వెళ్లి ఉంటే నిన్నటి వార్తకు ఎప్పుడు బోర్డు పడేది? ఆ స్వేచ్ఛ లేకపోతే ఆ పాప ఇన్ని దశాబ్దాలు నిలిచేది కాదు. అంత స్వేచ్ఛ మీకు ఎవరూ ఇవ్వరు. కానీ చిన్న స్థాయిలో అడగవచ్చు: “నెలకు ఒక్క ఇన్‌స్టాగ్రామ్ పోస్టు, ఇంత డబ్బుకు మించకుండా, మీరు చూడకుండా వేయనివ్వండి.” ఆరు నెలలు సజావుగా సాగితే తర్వాతి బ్రీఫ్ రోజున మీ మాట బరువు వేరుగా ఉంటుంది.

4. చట్టం సంగతి మీరే ముందు తేల్చండి

క్లయింటు లాయరు ఎర్ర పెన్ను తీసేలోగా మీ పని అయిపోవాలి. తెలియవలసినవి మరీ ఎక్కువేమీ లేవు. 1985 నుంచి పనిచేస్తున్న అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్, అంటే యాస్కీ, పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న సంస్థ. దాని నియమావళి చదవండి. తీయకముందే స్క్రిప్టు చూపించి సలహా తీసుకునే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. ఇక 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థకు, తప్పుదారి పట్టించే యాడ్ మీద 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ అదే చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఉంది. ఆ యాడ్‌లో సరుకును మెచ్చుకున్న ప్రముఖుల మీద ఏడాది దాకా నిషేధం, మళ్లీ జరిగితే మూడేళ్ల దాకా.

ఆ ప్రాధికార సంస్థ తెచ్చిన 2022 మార్గదర్శకాల్లో మనలాంటి వాళ్లు తప్పక గమనించవలసింది ఒకటుంది. యాడ్‌లో చెప్పిన గొప్ప ఏ భాషలో ఉంటే దాని కింది వివరణా ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో పెద్ద అక్షరాలతో ఊరించి, షరతులు ఇంగ్లిషులో పెట్టడం కుదరదు.

పచ్చళ్ల విషయంలో ఇంకొక చిక్కు. ఆహార పదార్థాల యాడ్ల మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో తెచ్చిన నిబంధనలు ‘సహజమైనది’, ‘సంప్రదాయమైనది’, ‘అసలైనది’ లాంటి మాటలకు షరతులు పెట్టాయి. ఫ్యాక్టరీలో చేసినదాన్ని ఇంట్లో చేసినదని జనం అనుకునేలా చెప్పకూడదు. ఇప్పుడు మన ఐడియాను మళ్లీ చూడండి. ‘అచ్చం అమ్మ చేతి రుచి’ అనే పాత తరహా యాడే చట్టం ముందు తడబడుతుంది. ‘అమ్మ జాడీ అయిపోయాకే రండి’ అనేది అలాంటి గొప్ప ఏదీ చెప్పుకోవడం లేదు. ధైర్యంగా కనిపించే యాడే ఇక్కడ సురక్షితమైనది! ఈ పోలిక యజమాని ముందు పెట్టండి. లాయరు మీ వైపు తిరగడం చూస్తారు.

గెలిచే కేసు కూడా ఖర్చేనని మాత్రం మరవకండి. 1995లో ఒక బూట్ల యాడ్‌లో మిలింద్ సోమన్, మధు సప్రే నగ్నంగా కనిపించినందుకు పెట్టిన అశ్లీలత కేసులో వాళ్లు నిర్దోషులుగా బయటపడేసరికి 2009 వచ్చింది. ‘చివరికి గెలుస్తాం’ అని క్లయింటుకు చెప్పేముందు ఆ మధ్య కాలం ఎవరు భరిస్తారో చెప్పండి.

5. గదిలో ఎలా చూపించాలి

ఒకే ఐడియా తీసుకువెళ్లండి. మూడు పట్టుకెళ్లి, మొదటి రెండూ చప్పగా ఉంచి, మూడోదానికి ఒప్పించాలనే ఎత్తు ఈ వృత్తిలో చాలా పాతది. అందులో నాకు నమ్మకం లేదు. చప్పటి ఐడియా గదిలో ఉంటే అదే ఎంపికవుతుంది, ఎందుకంటే అలసిన మనిషికి అది తేలిక. క్లయింటు మరీ పట్టుబడితే రెండు తీసుకెళ్లండి, కానీ రెండూ మీరు నిద్ర మానుకుని పనిచేయగలిగినవై ఉండాలి.

మొదటి వాక్యం ఐడియా గురించి ఉండకూడదు, ఆయన సమస్య గురించి ఉండాలి. “సార్, సూపర్ మార్కెట్ అరలో మీ సీసా పక్కన పదిహేను సీసాలున్నాయి. అన్నిటి మీదా అమ్మమ్మ బొమ్మే ఉంది. మీది ఏదో కొనేవాడికి తెలియడం లేదు.” ఆయన తల ఊపేదాకా ముందుకు వెళ్లకండి. తల ఊపాక యాడ్ చూపించండి. చూపించాక మాట్లాడటం ఆపండి. ఆ నిశ్శబ్దం భరించలేక “అంటే మా ఉద్దేశం ఏమిటంటే...” అని మొదలుపెట్టే కుర్రవాళ్లను చాలామందిని చూశాను. ఆ వివరణలోనే ఐడియా సగం నీరుగారిపోతుంది.

యాడ్‌ను వీలైనంత పూర్తిగా తయారుచేసి చూపించండి. ‘ఇక్కడ ఒక భావోద్వేగం ఉంటుంది’ అని రాసిన స్లైడు భయాన్ని పెంచుతుంది, ఆ ఖాళీని ఆయన తనకు తోచిన చెడుతో నింపుకుంటారు. సీసా లేబుల్ అచ్చువేయించండి. బోర్డు నిజంగా మారతహళ్లి వంతెన దగ్గర ఉంటే ఎలా ఉంటుందో ఫోటోలో చూపించండి. అమ్మ గొంతులో రేడియో యాడ్ అయితే ఫోనులోనైనా సరే, నిజంగా ఒక అమ్మ చేత చదివించి వినిపించండి. విన్న తర్వాత యజమాని తన తల్లి గురించి మాట్లాడటం మొదలుపెడితే అడ్డు రాకండి.

తర్వాత నష్టం గురించి మీరే ఎత్తండి. “దీనివల్ల మూడు ఇబ్బందులు రావచ్చు” అని మీ నోటితో ముందు చెబితే, ఆయన ఆ పాత్ర పోషించనక్కరలేదు. ఆయనకు మీతో కలిసి ఆలోచించే తీరిక దొరుకుతుంది. రెండో వైపు లెక్క కూడా చెప్పండి. ఎవరికీ గుర్తుండని యాడ్‌కు పెట్టిన డబ్బు పూర్తిగా పోయినట్లే. కాకపోతే ఆ నష్టానికి ఎవరూ ఫోను చేయరు, ఎవరి ఉద్యోగమూ పోదు. అందుకే అది రిస్కులా కనిపించదు. పోయిన ఏడాది యాడ్లకు ఆయన పెట్టిన ఖర్చు ఎంతో, వాటిలో ఒక్కటైనా ఆయన బంధువులకు గుర్తుందో లేదో అడగండి. నెమ్మదిగా, గౌరవంగా అడగండి.

6. చిన్నగా మొదలుపెట్టండి

“మొత్తం బడ్జెట్ పెట్టండి” అన్న మాటకు వచ్చే ‘వద్దు’ వేరు, “రెండు వారాలు, ఒకే చోట” అన్నదానికి వచ్చే జవాబు వేరు.

2019లో స్విగ్గీ కోసం డెంట్సు వెబ్‌చట్నీ ఏజెన్సీ చేసిన పోటీ గుర్తు తెచ్చుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో వాయిస్ మెసేజ్ పంపితే తెర మీద కనిపించే ధ్వని గీతను కబాబ్ ఆకారంలోనో పాన్‌కేకుల దొంతర ఆకారంలోనో వచ్చేలా అరవాలి. గెలిస్తే ఏడాది భోజనం. ఫోనులో అప్పటికే ఉన్న సదుపాయంతో నడిచింది. పెద్ద సినిమా లేదు, ప్రైమ్ టైమ్ లేదు. జనం గంటలకొద్దీ ఫోనులోకి అరిచారు, ఆ పని కేన్స్‌లో జరిగే యాడ్ల పోటీలో అవార్డులు తెచ్చింది. అదే ఏజెన్సీ బెంగళూరు బృందం ఆ తర్వాత మన అమరావతి శిల్పాలు కూడా ఉన్న బ్రిటిష్ మ్యూజియంలోకి, మ్యూజియం అనుమతి లేకుండానే, ఇన్‌స్టాగ్రామ్ ఫిల్టర్లతో ‘ఇవి ఎలా ఎత్తుకొచ్చారు’ అనే కథలు తీసుకెళ్లింది. 2022 కేన్స్‌లో ఏజెన్సీ ఆఫ్ ద ఇయర్ అయింది. ధైర్యానికి పెద్ద బడ్జెట్టే కావాలనేది ఈ ఊళ్లోనే తప్పని తేలిన మాట.

పచ్చడి యాడ్‌కు ఎక్కడ మొదలుపెట్టాలి? బెంగళూరులో హోర్డింగుల సంగతి చికాకు. 2018 ఆగస్టులో హైకోర్టు మందలించాక నగరపాలిక వాటిని తీసేయించింది. అప్పటి నుంచి ఎక్కడ ఏది వేయవచ్చో ప్రతిసారీ కనుక్కుని వేయవలసిందే. అంతకన్నా నాకు నచ్చిన చోటు పండగల, ఎండాకాలం సెలవుల తర్వాత ఊళ్ల నుంచి తిరిగొచ్చే బస్సులు. తెల్లవారుజామున కేఆర్ పురం టిన్ ఫ్యాక్టరీ దగ్గరో మడివాళలోనో దిగే వాళ్ల సంచుల్లో అమ్మ ఇచ్చిన సీసాలు ఉంటాయి. సీటు వెనక తెల్లటి గుడ్డ మీద ఆ ఒక్క వాక్యం, కింద ఒక క్యూఆర్ కోడ్. ఒక ట్రావెల్స్ వాళ్లతో మాట్లాడుకుంటే సరిపోతుంది.

కాలం కూడా చూసుకోండి. ఆవకాయ ఎండాకాలంలో పెడతారు. జూన్‌లో తెచ్చుకున్న సీసా చాలామందికి దసరా, దీపావళి నాటికి అడుగంటుతుంది. జూన్ బస్సుల్లో మాట నాటితే అక్టోబరులో అది పనిచేయాలి. ఈ సంగతి యజమానికి ముందే చెప్పకపోతే జులైలో ఆర్డర్లు రాలేదని ఐడియాను ఆపేస్తారు. ఏ తేదీన, ఏ అంకె చూసి ముందుకు వెళ్లాలో ఆగాలో మొదలుపెట్టకముందే రాసుకుని, ఇద్దరూ సంతకం చేసినంత గట్టిగా ఒప్పుకోండి. ఆ అంకె అందకపోతే మీరే “ఆపేద్దాం సార్” అనాలి. ఒకసారి అలా అంటే మీ తర్వాతి ఐడియాను ఆయన వేరే చెవితో వింటారు.

7. ఎదురుదాడికి సిద్ధం చేసి పెట్టండి

దీన్ని చాలా ఏజెన్సీలు ఎగవేస్తాయి, క్లయింటు భయమంతా ఇక్కడే ఉంటుంది.

బెంగళూరు కేంద్రంగా నడిచే టైటన్ వాళ్ల తనిష్క్ రెండు యాడ్లు పక్కపక్కన పెట్టి చూడండి. 2013లో కూతురున్న స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకోవడాన్ని అందంగా చూపించింది, దేశమంతా మెచ్చుకుంది. 2020 అక్టోబరులో ముస్లిం అత్తింట్లో హిందూ కోడలికి సీమంతం చేసినట్లు చూపించింది, ఆన్‌లైన్‌లో దాడి మొదలైంది, కొద్ది రోజుల్లో వెనక్కు తీసుకుంది. ఆ సందర్భంగా కంపెనీ చెప్పిన కారణాల్లో ఒకటి తమ ఉద్యోగుల, దుకాణాల సిబ్బంది క్షేమం. ఈ మాట మీద మీరు ఆగి ఆలోచించాలి. యాడ్ రాసింది ఒకరు, అనుమతించింది ఒకరు, జనం కోపాన్ని ఎదుట నిలబడి చూసేది కౌంటరు దగ్గరి అమ్మాయి. ఆమెకు ముందుగా ఒక్క మాటైనా చెప్పామా? షట్టరు దించే అధికారం ఎవరిది? ఈ ప్రశ్నలకు జవాబు లేని ధైర్యానికి నేను మద్దతివ్వను.

2019లో సర్ఫ్ ఎక్సెల్ హోలీ యాడ్ మీద కూడా బహిష్కరణ పిలుపు వచ్చింది. కోపంలో కొందరు మైక్రోసాఫ్ట్ ఎక్సెల్‌కు ప్లే స్టోరులో ఒక్క నక్షత్రం ఇచ్చి వెళ్లారు. కంపెనీ యాడ్‌ను తీయలేదు. గోల ఎంత పెద్దదన్నదానికన్నా, గోల చేస్తున్నవాళ్లలో మన సరుకు కొనేవాళ్లు ఎందరన్నది ముందు చూడాలని ఆ ఘటన నేర్పుతుంది.

అందుకే యాడ్‌తో పాటు ఇంకో పేజీ కూడా ఇవ్వండి. ఎవరు ఏమని విమర్శించవచ్చో, ఒక్కోదానికి జవాబేమిటో అందులో ఉండాలి. పచ్చడి యాడ్‌కు నాకు వెంటనే తోచేవి రెండు. మొదటిది, “జాడీ అమ్మే పంపాలా, నాన్నకు చేతులు లేవా?” ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి వాదన అక్కర్లేదు, రెండో వారం “నాన్న పంపిన జాడీ” యాడ్ సిద్ధంగా ఉండాలి. రెండోది, కన్నడ గడ్డ మీద తెలుగు యాడ్ ఏమిటనే మాట. ఈ ఊళ్లో ఉంటూ ఈ ఊరి భాషను పట్టించుకోకపోవడం మర్యాద కాదు. ‘అమ్మ’ కన్నడలోనూ అమ్మే, అక్కడి ఇళ్లలోనూ ఉప్పినకాయి జాడీలు ఉంటాయి. కన్నడ రచయిత చేత ఆ యాడ్‌ను కన్నడలో మొదటి నుంచి రాయించండి, మీ తెలుగు వాక్యాన్ని అనువదించి అంటించకండి.

పేజీ చివర మూడు పేర్లు, మూడు ఫోను నంబర్లు ఉండాలి: జవాబు రాసేవారు, యాడ్ ఆపే నిర్ణయం తీసుకునేవారు, దుకాణాలకు సమాచారం ఇచ్చేవారు. రాత్రి పదకొండుకు కూడా ఎత్తే నంబర్లు అయి ఉండాలి. వాటిలో ఒకటి మీది కావాలి.

8. అయినా వద్దంటే

అప్పుడు అసలు ఏది వద్దంటున్నారో విడదీయండి. వాక్యమా, బొమ్మా, మాధ్యమమా, సమయమా? ‘కొనకండి’ అనే మాట ఒక్కటే గుచ్చుకుంటుంటే “అమ్మ పంపిన జాడీ అయిపోయిందా? అప్పుడు చెప్పండి” అన్నా ప్రాణం నిలుస్తుంది. కానీ పక్కన ‘ఈ నెల పది శాతం తగ్గింపు’ పెట్టమంటే నిలవదు. ఏది వదులుకోవచ్చో, ఏది పోతే ఐడియానే వదిలేయాలో గదిలోకి వెళ్లకముందే మీ బృందంలో తేల్చుకుని ఉండాలి. ముక్కలైపోయిన ధైర్యమైన యాడ్ కన్నా శుభ్రంగా చేసిన మామూలు యాడే క్లయింటుకు మేలు, ఆ సంగతి ఆయనకు నిజాయితీగా చెప్పండి.

ఒక్కోసారి ఓపిక కూడా పనిచేస్తుంది. యాపిల్ మెకింటాష్ కోసం రిడ్లీ స్కాట్ తీసిన యాడ్‌ను ఆ కంపెనీ బోర్డు చూసి అసహ్యించుకుంది, కొన్న టీవీ సమయాన్ని అమ్మేయమంది. షాయట్ డే ఏజెన్సీ 30 సెకన్ల భాగాన్ని అమ్మింది. 60 సెకన్లది చేతిలో మిగిలింది. 1984 జనవరి 22న అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ మధ్యలో అది ప్రసారమైంది. ఆ వ్యవధిలో సహ వ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ సగం ఖర్చు తానే పెట్టుకుంటానన్నాడు. కంపెనీ లోపల అలా ఒక్కరైనా మీ ఐడియాను ప్రేమించేవాళ్లు ఉన్నారా? ఉంటే వాళ్లతో మాట కలుపుతూనే ఉండండి. లేకపోతే ఎంత వాదించినా అది మీ ఒక్కరి యాడే.

వద్దన్న ఐడియాను తేదీతో, కారణంతో సహా రాసిపెట్టండి. “దసరా ముందు మళ్లీ చూద్దామా సార్?” అని అడిగి క్యాలెండరులో పెట్టుకోండి. మనుషులు మారతారు, బ్రాండ్ మేనేజర్లు మారతారు, పోటీ కంపెనీ ఏదో చేసి క్లయింటును నిద్రలేపుతుంది. అన్నట్టు, ఇదే ఐడియాను ఇంకో పచ్చళ్ల కంపెనీకి తీసుకెళ్లాలనిపిస్తే, ముందు మీ ఒప్పందం తీసి చదవండి. వాడని ఐడియాల మీద హక్కు ఎవరిదో కొన్ని ఒప్పందాల్లో స్పష్టంగా రాస్తారు, కొన్నింటిలో ఒక్క ముక్క ఉండదు. లేకపోతే తర్వాతి ఒప్పందంలో ఆ వాక్యం చేర్పించండి: డబ్బు చెల్లించి వాడిన పని క్లయింటుది, వాడకుండా తిప్పి పంపినది ఏజెన్సీది.